పనికి తగిన బట్ట, కాలికి తగిన బూటు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పండుగ వస్తోందంటే ఇంటిల్లిపాదికీ బట్టలు కొంటాం. చీర అంచు ఎంత వెడల్పుండాలో, జరీ అసలుదో నకిలీదో చూడగానే చెప్పేస్తాం. కాని ఒళ్లు వంచి పనిచేసే మనిషి పనిలోకి ఏ బట్ట వేసుకోవాలి అని ఎవరైనా అడిగితే, "ఏదో ఒక పాతది" అంటాం. నేనూ అలా అన్నదాన్నే. ఆ మాట ఎంత పొరపాటో ఎలా తెలిసొచ్చిందో చెబుతాను వినండి.

మేముండేది యూసుఫ్‌గూడలో. పక్కనే కృష్ణానగర్. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలివచ్చింది. అన్నపూర్ణ స్టూడియో మాకు దగ్గర్లోనే 1976లో మొదలైంది. ఆ పని నమ్ముకుని బతికే కుటుంబాలు ఈ బస్తీల నిండా ఉన్నాయి. సినిమా అంటే మనకు కనపడేది హీరో, హీరోయిన్. కాని పరిశ్రమలో 24 శాఖలంటారు. తెల్లారకముందే బయల్దేరి వెళ్లే లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు, వెల్డర్లు లేకపోతే ఏ రాజమహలూ లేవదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒకరోజు సంతోషంగా వచ్చి, "మా పోరనికి సెట్టు పనిల దొరికిందమ్మా, వెల్డరు దగ్గర" అంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు. నేనూ సంతోషించి, మావారి టెరికాటన్ ప్యాంట్లు రెండు ఇస్త్రీ చేయించి మరీ ఇచ్చాను. చిరగవు, ముడత పడవు, ఇంకేం కావాలి అనుకున్నాను.

మూడో రోజు నిప్పురవ్వ తొడ మీద పడింది. బట్ట కాలిపోలేదండీ, కరిగింది. కరిగి చర్మానికి అతుక్కుపోయింది. ఇంకో రవ్వ రబ్బరు చెప్పుల్లో ఉన్న పాదం మీద పడింది. మూడు వారాలు పని లేదు, కూలీ లేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "బట్ట మంచిదేనమ్మా, పనే అట్లాంటిది" అంది. ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే తప్పు పనిది కాదు, నేనిచ్చిన బట్టది.

సంగతేమిటంటే, టెరికాటన్‌లో పాలియెస్టర్ ఉంటుంది. అది సుమారు 260 డిగ్రీల వేడికి కరిగి జిగురులా పట్టుకుంటుంది. వెల్డింగు రవ్వ వేడి అంతకు ఎన్నో రెట్లు. నూలు బట్టకూ చిల్లు పడుతుంది, కాని అది మాడి రాలుతుంది, ఒంటికి అతుక్కోదు. కొనబోయే బట్ట ఏదో తెలియకపోతే ఒక్క దారప్పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, పళ్లెం మీద వెలిగించి చూడండి. నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలియెస్టరైతే ముడుచుకుని గట్టి పూసలా మిగులుతుంది.

ఒకవేళ కాలిందే అనుకోండి. వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల ధార కింద ఉంచాలి. అతుక్కున్న బట్ట లాగకూడదు. సిరా, టూత్‌పేస్టు, పసుపు ఏదీ పూయకూడదు. డాక్టరుకు చూపించాలి.

కుర్రాడు కోలుకున్నాక వాళ్లమ్మా నేనూ వాణ్ని వెంటబెట్టుకుని సికిందరాబాదు రాణీగంజ్ వెళ్లాం. పరిశ్రమల సామగ్రి అమ్మే దుకాణాలు అక్కడున్నాయి. వాడు సిగ్గుపడుతూ, "నలుగుట్ల మంచిగ కనపడాలమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గాని, ఆ కోరికలో తప్పేముంది? మనం మాత్రం వంటింటి చీరకు రంగు చూసుకోమూ? అసలు ఈనాడు కుర్రకారు మోజుపడే జీన్స్ పుట్టిందే కష్టజీవుల కోసం. అమెరికాలో కూలీల జేబులు చిరిగిపోతుంటే, చిరిగే చోట రాగి రివెట్లు కొట్టే పద్ధతికి 1873లో లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ పేటెంటు పొందారు. డంగరీ అనే మాట మన బొంబాయిలోని డోంగ్రీ నుంచి వెళ్లిందే. గట్టిదనం ముందు వచ్చింది, సొగసు వెనకాల వచ్చింది.

అందుచేత జీన్సే తీసుకున్నాం. కాని సాగే రకం కాదు, అందులో కృత్రిమ దారం కలుస్తుంది. లేబుల్ మీద నూరు శాతం కాటన్ అని చూసి, మందం గలది ఎంచాం. చొక్కాకు ఖాకీ డ్రిల్లు గుడ్డ. గుడ్డను ముందు నానబెట్టి ఆరేశాకే కత్తిరించమన్నాను, లేకపోతే కుంచించుకుపోతుంది. పొడుగు చేతులు, జేబులకు మూత, మోకాళ్ల దగ్గర రెండు పొరలు, బలం పడే చోట మూడు వరుసల కుట్టు. ప్యాంటు అంచు బయటికి మడవకూడదు, రవ్వలు ఆ మడతలోనే చేరతాయి. ఒంటికి సరిగ్గా కుట్టించేసరికి కుర్రాడు అద్దం వదల్లేదు!

ఇక బూట్లు. సేఫ్టీ షూ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 15298 అనే సంఖ్య చూడండి. అందులో రెండో భాగం ప్రకారం చేసిన బూటు ముందు టోపీ 200 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి. మన భాషలో చెప్పాలంటే, ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత దెబ్బ. వడ్రంగికి మేకు గుచ్చుకోకుండా అడుగున రేకు ఉన్నది కావాలి. వెల్డరుకు తోలు పైభాగం, వేడికి తట్టుకునే రబ్బరు అడుగు కావాలి. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది గనుక మేస్త్రీకి గమ్‌బూట్లు. లైట్‌మన్‌కు కరెంటు నిరోధించే రకం, అయినా దాన్ని నమ్ముకుని తీగ పట్టుకోకూడదు.

బూటు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి మేజోళ్లతో వేసి చూడాలి. తయారైన తేదీ చూడాలి. పాలీయురెథేన్ అడుగు ఏళ్ల తరబడి గోదాములో ఉంటే వాడకుండానే పొడి పొడి అవుతుంది. తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకండి, పాత పేపరు కుక్కి నీడన ఆరనివ్వండి.

ఇదంతా పని ఇచ్చేవాళ్లు చూసుకోవాలి కదా అంటారా? నిజమే. మరి మనింటికి సున్నం వేసేవాడికి, గ్రిల్లు అతికేవాడికి పని ఇచ్చేది ఎవరండీ? మనమే. మొన్న మా వాకిట్లో గ్రిల్లు అతకడానికి వచ్చినతనూ రబ్బరు చెప్పులతోనే వచ్చాడు. బూట్లు ఉన్నాయా అని అడిగితే, "ఇంటికాడ ఉన్నయమ్మా, ఎవరు అడుగుతరు?" అన్నాడు. తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టమన్నాను. గంట ఆలస్యమైంది, అంతే.

ఈసారి పండక్కి ఎవరికైనా పాత ప్యాంటు ఇచ్చేముందు, అతను ఏం పని చేస్తాడో ఒక్కసారి అడగండి. ఒక పోగు కాల్చి చూడండి. సెలవు.