వింత ప్రశ్నకు సొంత సమాధానము
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



అమెరికా కళాశాలల దరఖాస్తు పత్రమును గూర్చి ఈ సభలో మాటాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని కృష్ణా, గుంటూరు, కరీంనగర్ జిల్లాల పల్లెలనుండి పిల్లలు ఆ దేశమునకు చదువులకై పోవుచునే యున్నారు. ఏ తండ్రికి సందేహము కలిగినను ముందుగా వచ్చునది మీ అరుగు మీదికే గదా!

మన పిల్లలలో పెక్కుమంది ఇచట డిగ్రీ ముగించి పోవువారు. వారినడుగు వ్యాసము వేరు. నేను చెప్పునది ఇంటర్మీడియట్ కాగానే అచట డిగ్రీలో చేరగోరువారిని గూర్చి. అచటి పేరొందిన కళాశాలలు పెక్కు మార్కులతోపాటు విద్యార్థి వ్రాసిన వ్యాసమును గూడ చదువును. కామన్ అప్లికేషన్ అను ఉమ్మడి దరఖాస్తు 1975లో 15 కళాశాలలతో ఆరంభమై, నేడు వేయికి పైబడిన కళాశాలలకు చెల్లుచున్నది. అందలి వ్యాసము 650 మాటలు మించరాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 8 ప్రశ్నలిచ్చి, నాల్గింటికి, ఒక్కొక్కటి 350 మాటలకు మించకుండ, సమాధానము కోరును.

చికాగో విశ్వవిద్యాలయపు ప్రశ్నలు మరింత చిత్రమైనవి. "ఎక్స్‌ను కనుగొనుము" అని ఒకసారి అడిగిరి. అంతే ప్రశ్న! "బేసి సంఖ్యలలో బేసితనమేమి?" అని మరియొకటి. ఆంగ్లమున బేసికిని వింతకును ఒకటే మాట; చమత్కారమంతయు అందున్నది. ఇట్టివి పెక్కు ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులు, పూర్వవిద్యార్థులు పంపినవే. ఏ గైడులోను జవాబు దొరకదు.

మన బిడ్డ ఏమి వ్రాయవలెను? లెక్కల సూత్రములు ఏకరువు పెట్టిన లాభము లేదు. పంచాయతీ అను మాటలోనే ఐదు కలదు. ఐదు బేసి సంఖ్య. తాతతో రచ్చబండకు పోయిన బాలిక, ఇద్దరిటు ఇద్దరటు నిలిచినపుడు ఐదవవాని మాటతో తెగిన ఒక్క తగవును వ్రాయవచ్చును. అది కాలువ నీటి తగవా, గట్టు తగవా? ఆ ఐదవ పెద్ద ఎంతసేపు పెదవి విప్పకుండెను? ఓడినవాడు మరునాడు ఆయనను పలుకరించెనా? ఈ సంగతులు ఆమెకే తెలియును. చికాగోలో కూర్చున్నవారికి తెలియవు కనుకనే తుదివరకు చదువుదురు. శివుని మనవారు బేసికంటి అనిరి. మరియొక బాలుడు అచటనుండి ఎత్తుకొనవచ్చును. కల్పన యంతయు ప్రశ్నను త్రిప్పి చూచుటలో చూపవలెను. జరిగిన సంగతిలో చేర్చరాదు.

ఒక ఊరిలో ఒక తండ్రి సొమ్మిచ్చి వ్రాయించిన వ్యాసమును నాకు చూపెను. కుమారుడు మంచుకొండ నెక్కినట్లు అందున్నది. ఆ కుర్రవాడు మంచుకొండను చూచియే యెరుగడు! ఇది నా సొంత రచనయే అని విద్యార్థి దరఖాస్తులో ధ్రువపరుపవలెను. అసత్యమని తేలినచో, సీటు వచ్చిన పిదప గూడ రద్దు చేయవచ్చును. కృత్రిమ మేధ చేత వ్రాయించి తనదని పంపుటను గూడ ఆ ఉమ్మడి దరఖాస్తువారు మోసముగనే ఎంచుచున్నారు.

ఆ దరఖాస్తు ఏటేట ఆగస్టు 1న తెరచుకొనును. పెక్కు కళాశాలల గడువు జనవరి మొదటి దినములలో ముగియును. కనుక అంతకుముందే, తీరిక దొరికినపుడు, బిడ్డను తన సంగతి తెలుగులో అమ్మమ్మకు చెప్పుమనుడు. "తరువాత ఏమైనదే?" అని ఆమె అడిగిన చోటు గుర్తుంచుకొని, ఆంగ్లమున అచటనుండి మొదలిడుమనుడు.