పళ్ళు మనవి, తేజాబు యజమానిది

(ధారావిలో రంగు, వాషింగ్ పనివారి కూటమిలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



జీతం, బోనసు, పి.ఎఫ్. మాట్లాడవలసిన చోట పళ్ళ గురించి మాట్లాడతామంటే మీలో కొందరు నవ్వుకున్నారని విన్నాం. నవ్వండి, ఫరవాలేదు. నవ్వినప్పుడే ఎవరి ముందు పళ్ళు ఎంత అరిగాయో మాకు కనబడుతుంది.

రంగు గాలాల్లో పనిచేసే మనవాళ్ళు కొంతకాలంగా ఒకే మాట చెపుతున్నారు. చల్లని నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయి. ముందు పళ్ళు పొట్టివవుతున్నాయి. అంచులు గాజుముక్కలా పలచబడి, చిన్న వక్కపలుకు కొరికినా పెచ్చు లేచిపోతోంది. ఇంటికి వెళితే గుట్కా తిన్నావని భార్య తిడుతుంది. డాక్టరు దగ్గరికి వెళితే పాన్ మానెయ్యమంటాడు. మహారాష్ట్రలో గుట్కా అమ్మకం 2012లోనే నిషేధించారు, అది దొరకని నాకా ఏదైనా ఉంటే మాకూ చూపించండి. అయితే గుట్కా ముట్టనివాడి పళ్ళు కూడా ఎందుకు అరుగుతున్నాయి? అది అడిగేవాళ్ళు లేరు.

ఇది కొత్త జబ్బు కాదు. మేము మిల్లులోకి బదిలీ కార్మికులుగా చేరేనాటికి 1982 జనవరి 18న మొదలైన పెద్ద సమ్మె గడిచి ఏళ్ళయింది. రెండున్నర లక్షలమంది సాంచాలు ఆపిన ఆ సమ్మె తరువాత మిగిలిన ఖాతాల్లో రంగు ఖాతా ఒకటి. అందులో పాతకాపులను ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళం. వేళ్ళ మీద రంగు ఉండేది, ముందు పళ్ళు సగం ఉండేవి. అది వయసు వల్ల అనుకునేవారు. అదే వయసు ఉన్న నేత ఖాతా వాళ్ళ పళ్ళు నిక్షేపంగా ఉండేవి. వాళ్ళకు దూది ధూళి వల్ల ఊపిరి పోయేది, అది వేరే కథ.

తేజాబు మన పనిలో ఎక్కడెక్కడ ఉందో ఒకసారి చూడండి. బ్లీచింగ్ అయిన గుడ్డను తేలికపాటి గంధకామ్లంలో గానీ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో గానీ ముంచి తీస్తారు. నాఫ్తాల్ రంగు వేసేటప్పుడు నైట్రైట్‌లో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కలుపుతారు, అప్పుడు లేచే పొగ కళ్ళు మండిస్తుంది. పాలియెస్టర్ రంగుకు, కాస్టిక్ విరచడానికి ఎసిటిక్ ఆసిడ్ పోస్తారు. తొట్టి మీద మూత ఉండదు, గాలాకు కిటికీ ఉండదు. పెద్ద మిల్లులో పైకప్పు ముప్పై అడుగుల ఎత్తున ఉంటే, ధారావి గాలాలో తలకు తగులుతుంది. అదే తేజాబు, అక్కడికంటే ఇక్కడ నోటికి దగ్గర.

ఇప్పుడు పన్ను ఎలా కరుగుతుందో చెపుతాం. పంటిమీద పింగాణి పొర ఉంటుంది. మన ఒంట్లో దానంత గట్టిది ఇంకొకటి లేదు. కాని ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం చిరిగితే పూడుతుంది, పింగాణి పొర మాత్రం పోతే మళ్ళీ రాదు. దాన్ని కట్టిన కణాలు పన్ను పైకి వచ్చేసరికే పోయి ఉంటాయి. ఇక పులుపును కొలిచే లెక్క ఒకటుంది, పి.హెచ్. అంటారు. మంచినీళ్ళు 7. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ, ఒక్క అంకె తగ్గితే పది రెట్లు. సుమారు 5.5 కిందికి దిగితే పింగాణి పొర కరగడం మొదలుపెడుతుంది. నిమ్మరసం 2 చిల్లర, కోలా 2.5 చుట్టుపక్కల. తేజాబు ఆవిరి ముందుపళ్ళ మీద తడితో కలిసినప్పుడు ఏం జరుగుతుందో మీరే లెక్క కట్టుకోండి. పుచ్చు వేరు, ఇది వేరు. పుచ్చుకు పురుగు, అంటే సూక్ష్మజీవులు కావాలి. దీనికి ఏ పురుగూ అక్కరలేదు.

దీనికి నోట్లో ఒక కాపలా ఉంది, ఉమ్మి. అది పులుపును విరుస్తుంది, కరిగిన ఖనిజంలో కొంత తిరిగి అందిస్తుంది, పంటి మీద కంటికి కనబడని పలుచటి పొర కడుతుంది. నోరు ఎండితే ఈ కాపలా పోతుంది. బాయిలరు పక్కన ఎనిమిది, పది గంటలు చెమట కారుస్తూ నిలబడితే నోరు ఎండదా? పాయిఖానా లేదని, ఉన్నా చాలా దూరమని పాళీ అంతా నీళ్ళు తాగని అక్కచెల్లెళ్ళు ఎంతమంది ఉన్నారు? పాయిఖానా కావాలన్నది సిగ్గుకు సంబంధించిన డిమాండే కాదు, పంటికి కూడా సంబంధించినదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి శ్రద్ధగా వినండి, రేపు డాక్టరు దగ్గర ఇదే పనికొస్తుంది. పన్ను ఏ వైపు అరిగిందో చూస్తే తేజాబు ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. గాలిలోని తేజాబు అయితే పెదవులు మూయని భాగం మీద పడుతుంది. ముందు పళ్ళు, వాటి బయటి ముఖం, అంచులు అరుగుతాయి, వెనక దవడ పళ్ళు చాలావరకు బాగుంటాయి. కడుపులోని పులుపు పైకి తన్నితే, తాగి వాంతులు చేసుకుంటే, పై పళ్ళ లోపలి ముఖం, నాలుక వైపు అరుగుతుంది. గట్టి బ్రష్షుతోనో పొడితోనో రుద్ది రుద్ది అరిగినది చిగురు దగ్గర గాడి కోసినట్టు ఉంటుంది. ఒక మనిషికి రెండు మూడు కారణాలూ కలిసి ఉండవచ్చు, కాదనం. కాని ముందు పళ్ళ అంచులు మాత్రమే పోయినవాడికి “పాన్ మానెయ్” అని చెప్పి పంపడం న్యాయం కాదు.

పుక్కిలింతల సంగతికి వద్దాం. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు వేప అంటారు, ఒకరు తుమ్మ బెరడు అంటారు, ఒకరు త్రిఫల, ఒకరు నువ్వుల నూనె. చెట్టు మందు కదా, ఏదైనా మంచిదే అని అనుకోవద్దు.

వేప, తుమ్మ, జామాకు కషాయాలు చిగుళ్ళకు మంచివి, పాచిని తగ్గిస్తాయి. కాని పింగాణి పొరను తేజాబు నుంచి కాపాడటం వేరే పని. లవంగం జివ్వును కాసేపు మాయం చేస్తుంది, అరుగుదలను ఆపదు. నొప్పి తెలియకపోతే మరో ఏడాది అదే తొట్టి దగ్గర నిలబడతాం, అంతే తేడా. ఉసిరిక విషయంలో మరీ జాగ్రత్త. ఉసిరి పుల్లనిది, త్రిఫలలో మూడో వంతు అదే. పాళీ దిగగానే ఉసిరి రసంతోనో నిమ్మకాయ నీళ్ళతోనో పుక్కిలిస్తే పులుపు మీద పులుపు పోసినట్టే. తినడానికి ఉసిరి మంచిదే, ఆ మాట మేము కాదనడం లేదు.

తేజాబు అరుగుదల మీద శాస్త్రజ్ఞులు బాగా పరీక్షించి చూసిన ఆకు తేయాకు, అందులోనూ గ్రీన్ టీ. స్విట్జర్లాండు, బ్రెజిల్ దేశాల దంత పరిశోధకులు ఇలాంటి మొక్కల సారాల మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. తేయాకులోని వగరు పదార్థాలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, ఉమ్మి కట్టిన ఆ పలుచటి పొరకు పట్టుకుని దాన్ని గట్టిపరుస్తాయి. రెండు, పింగాణి కింద ఉండే డెంటిన్ బయటపడ్డప్పుడు, దాని నారను తినేసే ఎంజైములను అణుస్తాయి. కాని వీటిలో ఎక్కువ పరీక్షలు ప్రయోగశాలలో పంటి ముక్కల మీద జరిగినవి, కొన్ని మాత్రం మనుషుల నోట్లో ముక్కలు అమర్చి చేసినవి. రోజూ తేజాబు పొగలో నిలబడే రంగు ఖాతా మనిషి మీద చేసినవి కావు. అందువల్ల ఇది సాయం చేస్తుంది అని చెప్పగలం గాని, తేజాబును ఆపేస్తుంది అని చెప్పలేం. అలా చెప్పి సీసా అమ్మేవాడు వస్తే చాలు గుమ్మంలోంచే పంపించండి.

వరుస ఇలా పెట్టుకోండి. పాళీ మధ్యలో రెండు మూడు సార్లు, పాళీ దిగగానే ఒకసారి మంచినీళ్ళతో నోరు బాగా పుక్కిలించాలి. అన్నిటికంటే ముందు నీళ్ళే. అందుబాటులో ఉంటే గ్లాసు నీళ్ళలో చిటికెడు తినే సోడా వేసుకుంటే పులుపు త్వరగా విరుగుతుంది. ఆ తరువాత తేయాకు నీళ్ళు. గ్లాసు వేడినీళ్ళలో చెమ్చాడు ఆకు వేసి, అయిదు నిమిషాలు ఉంచి, వడగట్టి చల్లార్చి, ఒక నిమిషం నోట్లో తిప్పి ఉమ్మెయ్యాలి. చక్కెర వద్దు, నిమ్మకాయ అసలే వద్దు. గ్రీన్ టీ ఖరీదు అనిపిస్తే పాలు లేని కాలీ చాయ్ ఉంది, అదీ ఆ చెట్టు ఆకే. అయితే అందులో ఆ వగరు సరుకు తక్కువ, పంటికి మరక కూడా పడుతుంది.

పళ్ళు తోమడం మాత్రం అరగంట, వీలైతే గంట ఆగాకే. తేజాబు తగిలిన పన్ను నానిన సుద్దముక్క లాంటిది, రుద్దితే పొడి రాలుతుంది. మనవాళ్ళకు ఇంటికి రాగానే నోరు శుభ్రం చేసుకునే అలవాటు ఉంది. అలవాటు మంచిదే, వేళ తప్పు. అందులోనూ బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పుతో రుద్దితే మిగిలింది కూడా పోతుంది. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడండి. మిస్రి మాట ఆడవాళ్ళతో విడిగా చెప్పాలి. పెనం మీద పొగాకు మాడ్చి చేసే ఆ పొడి ఇక్కడి చాళ్ళలో మన ఇళ్ళకూ అంటుకుంది. అది పళ్ళను అరగదీస్తుంది, పైగా పొగాకు కనుక నోటి కాన్సరు తెస్తుంది. దానికి మందు మానడమే.

తిండి గురించి భయపడకండి. పచ్చిపులుసు, గోంగూర అన్నంలో కలిపి తినేవి. తిన్నంతసేపే పులుపు, తరువాత ఉమ్మి దాని పని అది చేసుకుంటుంది. సీసా పక్కన పెట్టుకుని గంటసేపు గుక్కగుక్కగా కోలానో నిమ్మసోడానో చప్పరించడమే చెడ్డది. ముక్కుకు కట్టుకునే రుమాలు తేజాబు ఆవిరిని ఆపదు, తడిసి దాన్ని పెదవులకు అంటిస్తుంది.

ఇంతవరకు చెప్పింది మనం చెయ్యగలిగింది. ఇదే సరిపోతుందని మేము చెప్పి ఊరుకుంటే, రేపు యజమాని ఒక గ్రీన్ టీ డబ్బా గోడకు తగిలించి “చూడండి, పళ్ళు కాపాడుతున్నాం” అంటాడు. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. లండన్‌లో అగ్గిపుల్లల ఫ్యాక్టరీల్లో తెల్ల ఫాస్ఫరస్ ఆవిరి పుచ్చిన పంటి దారిన దూరి దవడ ఎముకను కుళ్ళబెట్టేది. 1888లో అక్కడి ఆడ కార్మికులు, చిన్నపిల్లలతో సహా, జరిమానాల మీద, పనినుంచి తీసేయడం మీద సమ్మె చేసి గెలిచారు. ఈ దవడ జబ్బూ వాళ్ళ గోడులో ఒకటి. పుక్కిలించి, పళ్ళు పీకించుకున్నంత మాత్రాన ఆ జబ్బు పోలేదు. తెల్ల ఫాస్ఫరస్‌నే తీసేస్తే పోయింది. 1906లో బెర్న్‌లో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది, 1913లో మన దేశంలో కూడా చట్టం వచ్చింది.

మనకు కావలసింది అంత పెద్దది కూడా కాదు. తొట్టికి మూత, తొట్టి అంచునుంచే ఆవిరిని లాగే ఎగ్జాస్ట్, తాగడానికి, నోరు కడగడానికి దగ్గరలో కుళాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే పొగ, ధూళి బయటికి లాగాలని, తాగునీరు, కడుక్కునే వసతి ఉండాలని రాసి ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమలులోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేది ఇప్పుడు ఇరవై అయింది. మన గాలాల్లో పన్నెండుగురు, పదిహేనుమంది ఉంటారు. ఎవరిని బయట పెట్టడానికి ఈ అంకె మార్చారో మీకు వేరే చెప్పక్కరలేదు.

పనివల్ల వచ్చే జబ్బులని డాక్టర్లు సర్కారుకు తెలపవలసిన జాబితా ఒకటి ఆ చట్టంలో ఉంది, కోడ్‌లోనూ ఉంది. అందులో మన దూది ఊపిరి జబ్బు బిసినోసిస్ ఉంది. ఫాస్ఫరస్ విషం ఉంది. తేజాబు వల్ల పళ్ళు అరగడం లేదు. జర్మనీ దేశంలో పని జబ్బుల జాబితాలో 1312 అంకె కింద ఆమ్లాల వల్ల వచ్చే పంటి జబ్బు స్పష్టంగా రాసి ఉంది. అక్కడి కార్మికుడి పన్నూ మన పన్నూ ఒకే పింగాణి. నిర్ణయించిన వయసు వారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష యజమాని చేయించాలని కొత్త కోడ్ చెపుతోంది. ఆ పరీక్షలో నోరు, పళ్ళు చూడాలని మనం రాసివ్వబోతున్నాం. రాసివ్వాలంటే మన చేతిలో కాగితం ఉండాలి.

ఆ కాగితం ఎలా వస్తుందంటే, కామాఠీపురా, నాగ్‌పాడా వైపు ఉన్నవాళ్ళకు ముంబై సెంట్రల్‌లో మున్సిపాలిటీ వారి నాయర్ దంత వైద్య కళాశాల నడిచి వెళ్ళే దూరం. ధారావి వాళ్ళకు సాయన్ ఆస్పత్రి దగ్గర. నెలకు 21,000 లోపు జీతంతో ఈ.ఎస్.ఐ. కోత పడుతున్నవాళ్ళు ఆ డిస్పెన్సరీ నుంచి కూడా చీటీ తీసుకోవచ్చు. డాక్టరుతో పళ్ళు పులుస్తున్నాయని మాత్రమే చెప్పి వచ్చెయ్యకండి. రంగు ఖాతాలో ఎన్నేళ్ళు చేశారో, ఏ ఆసిడ్ వాడతారో, రోజుకు ఎన్ని గంటలు తొట్టి దగ్గర ఉంటారో చెప్పి, అది కేసు పేపరు మీద రాయించండి. ఏ పళ్ళు, ఏ వైపు అరిగాయో అదీ రాయమనండి. మరాఠీ రానివాళ్ళు ఇంట్లో చదువుకున్న పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. కాగితానికి జిరాక్సు తీయించి ఆఫీసులో ఇవ్వండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా.