బాలల అద్భుతకథ – దానిని వ్రాయువాని ఓపిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసమయమున నన్ను పిలిచి, పిల్లలకు అద్భుతకథలు వ్రాయుటనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. వారు వ్రాసిన ఉత్తరములో రెండు ప్రశ్నలున్నవి. ఇట్టి కథలకు ఊహ ఎక్కడనుండి వచ్చును? వ్రాసినది అచ్చుకాక తిరిగి వచ్చుచుండగా మరల కలము పట్టు ఓపిక ఎక్కడనుండి వచ్చును? మొదటి ప్రశ్న అందరు అడుగునదే. రెండవదానిని అడిగినవారు అరుదు. ఈ ఊరిలో ఎవరో గుట్టుగా కథలు వ్రాయుచున్నారని నా అనుమానము. వారెవరైనను, ఈ ఉపన్యాసము ముఖ్యముగా వారికొరకే.

నేను హైదరాబాదులో తార్నాకలో నివసించువాడను. పూర్వము అక్కడ నొక తోటకు తీగకంచెయు, దానియొద్ద కాపలా నాకాయు ఉండెడివనియు, ఆ 'తార్ నాకా'యే తార్నాక ఐనదనియు పెద్దలు చెప్పుదురు. కథలు వ్రాయువానికి ఇంతకన్న మంచి చిరునామా దొరకదు. కంచె ఉన్నచోట, దాని ఆవల ఏమున్నదో చూడవలెనను కోరిక కూడ ఉండును. అద్భుతకథకు మూలధనము అంతియే.

మా ఇంటినుండి కొంతదూరము నడచినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము వచ్చును. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఏర్పడిన ఆ విద్యాసంస్థకు ఆర్ట్స్ కళాశాల భవనము 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభమైనది. గులాబి వన్నె గల రాతితో కట్టిన ఆ భవనము ముందు నిలిచి, సూర్యోదయవేళ దాని పెద్ద కమానును చూచినవానికి, లోపల తరగతి గదులు మాత్రమే ఉన్నవని నమ్మబుద్ధి కాదు. చుట్టును గుండ్రాళ్లు ఒకదానిపై నొకటి, ఎవరో పేర్చి మరచిపోయినట్లుండును. ప్రక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయ ప్రాంగణములో, ఉర్దూ కవయిత్రి మహలఖాబాయి చందా నాటి దిగుడుబావి యొకటి కలదు. ఆమె 1824లో మరణించినది. రెండు శతాబ్దములు గడచినను ఆ మెట్లు ఇంకను క్రిందికే దిగుచున్నవి.

ఆ బావిని చూచుటతో కథ పుట్టదు. ఈ విషయము స్పష్టముగా చెప్పవలయును. ఏలనన, మంచి దృశ్యము చూచినంతనే ఊహ పొంగివచ్చునని పలువురు నమ్మి, అది రాకపోగా తమకు ఆ శక్తి లేదని నిరాశపడుచున్నారు. బావి దృశ్యము మాత్రమే. దానిని పట్టుకొని ప్రశ్నలు వేయవలయును. రాత్రివేళ ఈ మెట్లు దిగువారెవరు? వారికి నీరు కావలయునా, మరేదియైన కావలయునా? అడుగు మెట్టుమీద కాలుపెట్టినవాడు తిరిగి పైకి వచ్చుటకు ఏమి చెల్లించవలయును? ఈ చివరి ప్రశ్నయే ముఖ్యము. మాయకు వెల లేనిచో కథకు విలువ లేదు. కోరినదెల్ల మంత్రదండముతో దొరకునట్టి కథను ఆరేండ్ల పిల్లవాడు కూడ రెండవ పుటలో విడిచి ఆటకు పోవును. పిల్లలు అబద్ధమును సహింతురు గాని, అన్యాయపు అబద్ధమును సహింపరు. భూతము సీసాలో పట్టునని చెప్పినచో నమ్మెదరు. నిన్న పట్టిన సీసాలో నేడు పట్టలేదన్నచో నిలదీసెదరు.

పట్టణములో, విద్యాపీఠము చెంత నున్నవారికే ఊహ సులభమని మీరు తలంపవలదు. ఉస్మానియా తెలుగుశాఖకు చెందిన ఆచార్య బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై పరిశోధన చేయదలచి ప్రాంగణము విడిచి పల్లెలకే వెళ్లిరి. ఆ సిద్ధాంత గ్రంథము 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చైనది. విశ్వవిద్యాలయమే మీ అవ్వలయొద్దకు వచ్చి వినవలసి వచ్చినప్పుడు, మీరు ఊహకొరకు తార్నాకకు బస్సెక్కవలసిన పనిలేదు.

విద్యాపీఠముల మాట వచ్చినది గనుక మరియొకటి చెప్పెదను. ఆక్స్‌ఫర్డులో గణితము బోధించిన డాడ్జిసను అను నాయన 1862 జూలై 4న ముగ్గురు బాలికలను పడవలో త్రిప్పుచు ఒక కథ చెప్పెను. వారిలో ఆలిస్ అను బాలిక దానిని వ్రాసిపెట్టుమని కోరినది. అది లూయీ కారల్ అను మారుపేరుతో 1865లో పుస్తకమైనది. అదే ఆక్స్‌ఫర్డులో టోల్కీన్ ఆచార్యుడు పరీక్షా పత్రములు దిద్దుచు, ఒక విద్యార్థి వ్రాయక విడిచిన ఖాళీ పుటమీద 'హాబిట్' కథ మొదటి వాక్యము వ్రాసెను. 1937లో ఆ గ్రంథము వెలువడినది. దాని తరువాతి మహాకథ అచ్చగుటకు 1954 వచ్చినది. మధ్య పదునేడు సంవత్సరములు! హారీ పాటరు సంగతి నాకన్న ముందువరుసవారికే బాగుగ తెలియును గనుక దానిని విడిచెదను.

ఆ 1954వ సంవత్సరమే తెలుగువారికి కూడ స్మరణీయమైనది. ఆ యేడు 'చందమామ'లో 'తోకచుక్క' అను ధారావాహిక వచ్చినది. వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. గుంటూరు జిల్లాలో 1932లో జన్మించి, 1952లో మద్రాసునందలి చందమామ కార్యాలయములో చేరిరి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో స్థాపించిన ఆ పత్రికకు కొడవటిగంటి కుటుంబరావుగారు వచ్చినదియు ఆ 1952లోనే. 'తోకచుక్క' తరువాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' - ఇట్లు వరుసగా సాగి, 1978లో వచ్చిన 'భల్లూకమాంత్రికుడు'తో ఆ వరుస ఆగినది. మొత్తము పండ్రెండు. ఆ కథలకు కన్నులిచ్చిన చిత్రకారుడు చిత్రాగారు కూడ 1978లోనే కన్నుమూసిరి. సుబ్రహ్మణ్యముగారు మాత్రము 2006 వరకు ఆ పత్రికలోనే పనిచేసిరి.

ఇందు నన్ను కదిలించునది వేరొకటి. ఆ ధారావాహికలపై ఆయన పేరు ఉండెడిది కాదు. శిఖిముఖి, విక్రమకేసరులవెంట అడవులలో పరుగెత్తినవారు, జయశీలునితోను సిద్ధసాధకునితోను సరోవరములో మునిగినవారు, మరుసటి నెల సంచికకొరకు తపాలాబంట్రోతుకు ఎదురేగినవారు, ఆ పిల్లలలో అత్యధికులకు రచయిత యెవరో తెలియదు. చందమామయే చెప్పుచున్నదని వారి నమ్మకము. పేరు లేకుండ, ప్రశంస లేకుండ, నెలనెలకు గడువు తప్పకుండ, ప్రతి భాగమును ఆపదలో ఆపి, ఆ ఆపదనుండి మరుసటి నెల న్యాయముగా బయటపడవేయుచు, రెండు దశాబ్దములకు పైగా వ్రాయుట ఎట్టి దీక్షయో ఒక్క కథ వ్రాసి చూచినవారికి తెలియును. ఆ పిల్లలు పెద్దవారై వెదకిన తరువాత గాని ఆ పేరు లోకమునకు తెలియలేదు. 'రచన' పత్రికవారి పూనికతో వాహినీ బుక్ ట్రస్టు ఆ కథలను గ్రంథములుగా తెచ్చినది. సుబ్రహ్మణ్యముగారు 2010 జనవరిలో విజయవాడలో పరమపదించిరి.

ఆయన ఓపికకు కారణమేమై యుండును? నా ఊహ చెప్పెదను. కీర్తికొరకు వ్రాయువాడు తిరిగివచ్చిన ప్రతిని చూచి క్రుంగును. అతని దృష్టి తనమీద నుండును. గుహలో చిక్కిన నాయకుని బయటికి తెచ్చు బాధ్యతగల రచయితకు క్రుంగుటకు తీరిక ఉండదు. ఇది వేదాంతము కాదు, ఆఫీసుపని వంటిది. ఒకటవ తేదీ వచ్చును, నాయకుడు గుహలో ఉండును.

ఐతే ఆనాడు ఆ ఒకటవ తేదీ ఉండెడిది. ఇప్పుడు లేదు. చందమామ 2007లో చేతులు మారి, 2013 నాటికి ఆగిపోయినది. అద్భుతకథను నెలలతరబడి ప్రచురించు బాలల పత్రిక కొరకు వెదకవలసిన దినములు వచ్చినవి. నాకే జరిగినది విన్నవించెదను. ఒక మాసపత్రికలో నా ధారావాహిక ఏడు భాగములు వచ్చిన పిదప, చెప్పకుండ పత్రికయే నిలిచిపోయినది. నా కథలోని బాలిక, పేరు మల్లి, దిగుడుబావి అడుగున, తన నీడను వెలగా చెల్లించి, ద్వారమువద్ద నిలిచియున్నది. తక్కిన ఎనిమిది భాగములు నా బల్లసొరుగులో నున్నవి. మూడు ప్రచురణ సంస్థలకు పంపితిని. రెండింటినుండి తిరిగివచ్చినది, మూడవవారు పలుకలేదు.

తార్నాకలో నేను కూరలు కొను బండివాని కుమారుడు ఐదవ తరగతి చదువుచుండెను. పాత సంచికలు వానికిచ్చుట నా అలవాటు. ఒకనాడు వాడు తూకపురాయి చేతబట్టుకొని, "తాతా, మల్లి నీడ మల్ల దొరికిందా?" అని అడిగెను. పత్రిక ఆగిపోయినదని చెప్పితిని. "పత్రిక ఆగితే మల్లి కూడ ఆగుతదా?" అనెను. నావద్ద జవాబు లేకపోయినది. ఆ సాయంత్రమునుండి ఎనిమిది దినములు, బండి సర్దు వేళకు, దినమునకొక భాగము చొప్పున వానికి చదివి వినిపించితిని. మూడవనాటికి మరి నలుగురు పిల్లలు చేరిరి. ఐదవ భాగమున కాపలా సర్పము ఊరకయే దారి విడుచుట వారు ఒప్పుకొనలేదు. అదియు ఏదైన అడుగవలయునని పట్టుబట్టిరి. ఇంటికి వచ్చి ఆ భాగమును మరల వ్రాసితిని. ఇప్పుడది మునుపటికన్న చాల బాగున్నది.

కార్యదర్శిగారూ, మీ రెండవ ప్రశ్నకు నేను చెప్పగలిగిన సమాధానము ఇదియే. ఓపిక నాలో నిలువయున్న సరుకు కాదు. అడుగువారు ఒక్కరున్నను అది వారియొద్దనుండి దినదినము నాకు అప్పుగా దొరకుచున్నది.

కావున ఈ సభకు పూలదండకు బదులు ఒక పని అప్పగింపవచ్చితిని. ఆ పదునైదు భాగములను చేతివ్రాతలోనే కుట్టించి, ఈ గ్రంథాలయమునకు తెచ్చితిని. ఇది అచ్చుపుస్తకము కాదు గనుక మీ జాబితాలో చేర్చుటకు నియమము ఒప్పునో లేదో గ్రంథపాలకులు చూచుకొందురు. ప్రతి భాగము చివర రెండేసి తెల్లకాగితములు వదలితిని. చదివిన పిల్లలు ఎక్కడ విసుగు పుట్టినదో, ఎక్కడ నమ్మకము కలుగలేదో అక్కడ పెన్సిలుతో వ్రాయవలయును. పేరు వ్రాయ నక్కరలేదు. సంక్రాంతికి నేను మరల వచ్చి దానిని తీసికొనిపోయెదను.