ఎద సూదికి ముందు చూడి పరీక్ష

గేదె ఎదకొస్తేనే చూడి కడుతుంది. చూడి కడితేనే ఈనుతుంది. ఈనితేనే పాలు. పాలుంటేనే చేతిలో నాలుగు డబ్బులు.

ఈనిన గేదె నెలలు గడిచినా ఎదకు రాలేదనుకోండి. ఇంట్లో దిగులు మొదలవుతుంది. "ఇది గొడ్డుపోయింది, సంతకు తోలేద్దాం" అంటారు ఒకరు. "ఎద సూది వేయిద్దాం" అంటారు ఇంకొకరు. తొందర పడకూడదు. ముందు పశువు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

ఆవుకైనా గేదెకైనా గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. వాటి చేత పని చేయించేవి హార్మోన్లు. హార్మోను అంటే ఒంట్లోనే ఊరే రసం. అది రక్తంలో కలిసి వెళ్లి పని చెబుతుంది.

మెదడు కింద ఒక గ్రంథి ఉంది. అక్కడి నుంచి కబురు రాగానే అండాశయంలో నీటి బుడగలాంటి తిత్తి పెరుగుతుంది. అందులో అండం ఉంటుంది. తిత్తి నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోను వస్తుంది. అప్పుడు పశువు ఎదకొస్తుంది. తర్వాత తిత్తి పగిలి అండం విడుదలవుతుంది.

పగిలిన చోట ఒక బొడిపె మొలుస్తుంది. దాని నుంచి ప్రొజెస్టిరాన్ వస్తుంది. చూడిని నిలబెట్టేది ఇదే. మళ్లీ ఎద రాకుండా ఆపేదీ ఇదే. చూడి కట్టకపోతే గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోనును పంపుతుంది. బొడిపె కరిగిపోతుంది. సుమారు 21 రోజులకు మళ్లీ ఎద వస్తుంది.

ఎద సూదుల్లో ఒక రకం ఈ ప్రోస్టాగ్లాండినే. ఎదిగిన బొడిపె ఉంటే అది కరుగుతుంది. 2 నుంచి 5 రోజుల్లో ఎద వస్తుంది. బొడిపె లేకపోతే సూది దండగే. మరి చూడి పశువుకు వేస్తే? చూడిని కాపాడే బొడిపె కరిగిపోతుంది. పశువు ఈసుకుపోతుంది. దూడా పోయె, పాలూ పోయె!

"మాకు తెలియకుండా చూడి ఎలా కడుతుంది?" అంటారేమో. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, గంతులు వేయదు. మేతకు పోయిన చోట దున్నపోతు దాటితే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? అందుకే సూదికి ముందు పశువుల డాక్టరు చేత చూడి పరీక్ష చేయించాలి. దాటిన 2 నెలలకు చెయ్యి పెట్టి చూసి చెబుతారు.

ఇంకో హెచ్చరిక. ఈ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. గర్భిణీలు, ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

బక్కచిక్కిన పశువుకు హార్మోన్లు సరిగా ఊరవు. పచ్చిగడ్డి, దాణా, ఖనిజ లవణాలు పెట్టాలి. నట్టల మందు తాగించాలి. వేసవిలో నీడ ఉండాలి. గేదె ఒంటి మీద నీళ్లు పోయాలి.

తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు పశువును ఒకసారి చూడాలి. మానం ఉబ్బిందా? తీగలు వేస్తోందా? మాటిమాటికీ మూత్రం పోస్తోందా? పాలు తగ్గాయా? ఇవి ఎద గుర్తులు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున కట్టించాలి.

ఈనిన తేదీ, ఎదకొచ్చిన తేదీ, కట్టించిన తేదీ క్యాలెండరు మీద రాసుకోవాలి. డాక్టరు మొదట అడిగేది ఆ తేదీలే. పలక మీద దిద్దుకున్న అంకెలు ఇప్పుడు కొట్టంలో దూడను కాపాడతాయి.