సున్నము, ఆమ్లము – ముందు తరుగునది ఏది?



విందులో మనిషికొక విస్తరి, రెండు దొప్పలు కావలెననుకొనుడు. 50 విస్తళ్లు, 80 దొప్పలు ఉన్నచో 40 మందికే వడ్డన జరుగును. సంఖ్యలో దొప్పలే అధికము. అయినను ముందు తరుగునవి అవియే. రసాయనశాస్త్రమున దీనినే పరిమిత కారకమందురు.

ఆమ్ల క్షారముల కలయికయు నిట్టిదే. 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లమును తటస్థము చేయుటకు కాల్షియం హైడ్రాక్సైడ్ అను తడిసున్నము 74 గ్రాములు కావలెను. 20 లీటర్ల నీటిలో అంత ఆమ్లముండగా 37 గ్రాముల సున్నమే వేసినచో సున్నము ముగియును. సగము ఆమ్లము మిగులును. దాని గాఢత లీటరునకు సుమారు 1.8 గ్రాములు. మరి 20 లీటర్ల నీరు పోసినచో గాఢత సగమగును. కాని ఆమ్లము రవ్వంతయు తగ్గదు. దానికి వలయు సున్నమును తగ్గదు.

పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు పరిశ్రమల మురుగునీటిచే చెడగా, 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టునకెక్కెను. అట్టి నీటిలో ఆమ్లమొక్కటే దోషము కాదు. అయినను పలుచన చేయుట శుద్ధి చేయుట కాదని ప్రజలెరుగవలెను. వాగులోనికి నీరు వదలువారిని ఆమ్లమెంత, సున్నమెంత, ముందు తరిగినదేది అని లెక్క అడుగగల ఊరే తన నీటిని కాపాడుకొనగలదు.