బాతులు – బాతుగ్రుడ్లు

వరి మాసూళ్ళు ముగిసిన పిదప కృష్ణా గోదావరి డెల్టాలలోను, నెల్లూరు ప్రాంతమునందును ప్రయాణము చేయువారికి బాతుల మందలు కన్నులబడక మానవు. కాపరులు కఱ్ఱలు పట్టుకొని ముందు వెనుకల నడుచుచుండగా వందలకొలది బాతులు చేనిలో దిగి, రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరుకొని తినును. కాపరికి మేతఖర్చు తగ్గును. రైతు చేనికి ఎరువు దక్కును. ఒక ఊరి చేలు అయిపోగానే మంద మరియొక ఊరికి తరలిపోవును.

ఇంత తేలికగా దొరకు ఆహారమైనను, బాతుగ్రుడ్డు అనగానే మన యిండ్లలో ముక్కు చిట్లించువారు పలువురు. నీచు అందురు. నా అభిప్రాయములో ఆ నేరము గ్రుడ్డుది కాదు. చాలవరకు అది పడిన చోటుది.

బాతు కోడివలె పగటిపూట గంప వెదకికొని గ్రుడ్డు పెట్టదు. రాత్రి చివరి జాము మొదలుకొని ఉదయము 9 గంటలలోపల, ఎక్కడనున్న అక్కడనే పెట్టివేయును. తెల్లవారకమునుపే తలుపు తీసితిరా, ఆ గ్రుడ్డు బురదలోనో చెరువులోనో పడును. మాలిన్యముతోపాటు సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి పెంకు రంధ్రములగుండ లోనికి చేరవచ్చును. వాంతులు, విరేచనములు, జ్వరము దాని ఫలితములు. కనుక రాత్రి దొడ్డిలో పొడి వరిగడ్డి మందముగా పరచి, ఉదయము గ్రుడ్లేరుకొనిన పిదపనే బాతులను విడువవలెను. మేతలో చేపల పాలు ఎక్కువైనను గ్రుడ్డుకు ఆ వాసన పట్టును.

చెరువు లేనిదే బాతులు పెరుగవనుట అపోహ. తల మునుగునంత లోతుగల నీటితొట్టి చాలును. ముక్కును, కన్నులను కడుగుకొనుటకు అది తప్పనిసరి. పొడిమేత ముక్కుకు అతుకుకొనును గనుక తవుడు, నూకలు తడిపి పెట్టవలెను. తినుటకే గ్రుడ్లు కోరువారికి మగబాతుతో పని లేదు. ఖాకీ కాంప్‌బెల్ జాతి మంచి పోషణలో ఏటికి 300 గ్రుడ్ల వరకు పెట్టును గాని పొదుగుటకు సాధారణముగా కూర్చుండదు. ఆ భారము కోడిపై పడును. తన గ్రుడ్లకు 21 దినములు కూర్చుండెడి ఆ తల్లి, ఈ పరాయి బిడ్డలకై 28 దినములు ఓర్చుకొనవలెను!

వేరుసెనగ చెక్క విషయములో ఒక హెచ్చరిక. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు మరణించినవి, బాతుపిల్లలును చనిపోయినవి. దిగుమతియైన వేరుసెనగ పిండిలోని బూజే కారణమని తేలినది. అఫ్లటాక్సిన్ అను ఆ విషము బాతుపిల్లల కాలేయమును మిక్కిలి త్వరగా దెబ్బతీయును. బూజు పట్టిన చెక్క ఎంత చవుకగా వచ్చినను పెట్టరాదు. ఎండబెట్టినను ఆ విషము పూర్తిగా పోదు.

ఇక వంట. బాతుగ్రుడ్డు సుమారు 70 గ్రాములు తూగును. కోడిగ్రుడ్డుకంటె పచ్చసొన పెద్దది, క్రొవ్వు హెచ్చు. కొలెస్టరాల్ ఒక్కొక్క గ్రుడ్డులో సుమారు మూడురెట్లు. వైద్యులు పథ్యము చెప్పినవారు గమనించవలెను. పచ్చిసొనను పాలలో కలిపి త్రాగుట, సగము ఉడికించి తినుట దీనికి తగవు. సొన పూర్తిగా గట్టిపడువరకు ఉడికించవలెను. ఉడికిన గ్రుడ్లకు గాట్లు పెట్టి, పసుపు వేసిన నూనెలో పైపొర ఎఱ్ఱబడువరకు వేయించి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, మెంతులు, చింతపండు, చిన్న బెల్లపుముక్కతో పులుసు పెట్టినచో, ముక్కు చిట్లించినవారే మారు వడ్డించుకొందురు. వంగదేశీయులు ఆవనూనెలో కూర వండుదురు. కేకునకు ఇది కోడిగ్రుడ్డుకంటె మేలని చేయితిరిగినవారు చెప్పుదురు.

చీనావారి ఉప్పుగ్రుడ్డు మన యింటనే చేసికొనవచ్చును. ఒక పాలు ఉప్పు నాలుగు పాళ్ళ నీటిలో కాచి, చల్లార్చి, జాడీలో పోసి, పగులులేని శుభ్రమైన గ్రుడ్లు వేయవలెను. పైకి తేలకుండ చిన్న పళ్ళెము బోర్లించి మూడు నాలుగు వారములుంచి, పిమ్మట ఉడికించవలెను. తెల్లసొన ఉప్పుదేరును, పచ్చసొన గట్టిపడి నారింజవన్నె నూనె ఊరును. చీనాలో గంజియన్నముతో నంజుకొందురు. మన చద్దియన్నమునకును అది చక్కగా కుదురును. అన్నములో వేరుగా ఉప్పు వేయరాదు.