పన్నెండు కార్తెలు, పన్నెండు చిత్రములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఒక పల్లెలో గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. వాన రాని యేడు కూడ తలుపు తెరచి దీపము పెట్టిన చోటు ఇది. ఇట్టి శుభ సందర్భమున దేశాటనమునందు ఛాయాచిత్రములు తీయుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. గుత్తి సీమలో ఈ విషయమేమి పనికివచ్చునని కొందరికి తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని ఆలోచింపగా ఆకాశమును మనకంటె శ్రద్ధగా చూచువారు వేరెవ్వరును లేరని తెలిసికొంటిని. రోహిణి కార్తె మొదలు స్వాతి వరకు మన చూపంతయు మోడము మీదనే కదా!

ముందుగా పనిముట్టును గూర్చి చెప్పెదను. నా కెమేరా మధ్యమ పరిమాణపు ఫిల్మును వాడునది. 120 అను పేరుగల ఈ ఫిల్ము చుట్ట 1901లో పుట్టినది. దీని వెడల్పు రమారమి 6 సెంటీమీటర్లు. వెనుక కాగితము చుట్టియుండును. చదరపు చిత్రములైనచో ఒక చుట్టకు పన్నెండు మాత్రమే వచ్చును. సామాన్యముగా వాడుకలోనుండిన 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై పడు బొమ్మకంటె దీని బొమ్మ వైశాల్యమున మూడున్నర రెట్లు మించును. అందుచేత బొమ్మను పెద్దదిగా చేసినను దూరపు కొండమీది బురుజు, గట్టుమీది తుమ్మచెట్టు కొమ్మ చెదరక నిలుచును. 1929లో వెలసిన రోలీఫ్లెక్సు ఈ జాతిలో మిక్కిలి పేరెన్నికగన్నది. మన దేశమున తయారైన ఆగ్ఫా క్లిక్ అను డబ్బా కెమేరాకు కూడ ఈ చుట్టయే వేయుచుండిరి. పెండ్లిండ్లలో తీయించుకొన్న చదరపు ఫోటోలు మీలో అనేకుల పెట్టెలలో ఇప్పటికిని ఉండవచ్చును.

రెండు కటకములు గల ఈ తరగతి కెమేరాను కంటికి ఆనించుకొనరు. రొమ్మునకు దిగువ పట్టుకొని, తల వంచి, పైనున్న అద్దములోనికి చూడవలయును. అందు కుడి యెడమలు తారుమారుగా కనిపించును. ఎదుటివానికి మనము నమస్కరించుచున్నట్లుండును. పల్లెలయందు జనులు బెదరకుండుటకు ఇదియొక కారణమని నా అనుభవము.

చేతిలో ఉన్నవి పన్నెండు బొమ్మలే కనుక మనిషికి ఓర్పు అలవడును. నేడు సెల్ ఫోనుతో గడియలో నూరు చిత్రములు తీయవచ్చును. అది తప్పని నేననను. కాని పన్నెండే యున్నప్పుడు మొదట నిలుచుందుము, చూతుము, వెలుగు మారువరకు కూర్చుందుము. ప్రయాణములో అట్లు కూర్చుండుటయే ఆనందము. బొమ్మ దాని తరువాతి మాట.

ఇట్టి ఆనందమునకు దూరదేశములకు పోనక్కరలేదు. గుత్తి కోటనే తీసికొనుడు. చుట్టుపట్ల మైదానము మీద సుమారు వెయ్యి అడుగులు లేచిన రాతికొండ అది. మురారిరావు గద్దెయని పిలువబడు చిన్న మండపమువద్ద నిలిచినచో కొండగుట్టలు, నల్లరేగడి చేలు, ఎర్రనేలలు, రైలుదారులు బొమ్మలపటమువలె కనిపించును. 1776లో హైదరాలీ ఈ కోటను ముట్టడించినప్పుడు లోపల నీరు అయిపోవుటచేతనే మురారిరావు లొంగవలసి వచ్చినదని చరిత్రకారులు వ్రాసినారు. అంతటి కోటను గెలిచినది ఫిరంగి కాదు, దాహము. అక్కడినుండి మైదానమును చూచునప్పుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును.

నేను మొదటిసారి ఆ కొండమీద తీసిన చుట్ట అంతయు చెడినది. నేలకు సరిపోవునట్లు వెలుగు నిచ్చితిని. అంతకంటె ఎంతో ప్రకాశవంతమైన ఆకాశము తెల్లకాగితమైపోయినది. ఆ బొమ్మను మా చేని ప్రక్క పెద్దాయనకు చూపగా ఆయన చాలసేపు చూచి, “ఏం నాయనా, మోడమంతా యాడ పోగొట్టుకొంటివి?” అని అడిగినాడు. ఆ ప్రశ్నయే నాకు గురువైనది.

ఈ కష్టము నా ఒక్కనిది కాదు. తొలినాటి గాజుపలకలకు నీలికాంతి మీద మక్కువ యెక్కువ. అందుచేత ఆనాటి చిత్రములలో ఆకాశములు తెల్లబోయెడివి. 1856 ప్రాంతముల గుస్తావ్ లెగ్రే అను ఫ్రెంచివాడు సముద్రమునకొక పలక, మబ్బులకొక పలక వేరువేరుగ తీసి, రెంటిని కలిపి అచ్చువేసెను. నేటి నలుపు తెలుపు ఫిల్ముతో అంత యవస్థ లేదు. కటకము ముందు పసుపుపచ్చని గాజు నుంచినచో అది నీలిరంగును కొంత అడ్డును. ఆకాశము నల్లబడి మబ్బు తెల్లగా లేచి కనబడును. ఎర్రగాజు ఇంకను బలమైనది. అయితే గాజు అడ్డుకొన్న వెలుగునకు బదులు ఇయ్యవలయును: పసుపుదానికి రమారమి రెండు రెట్లు, ఎర్రదానికి ఎనిమిది రెట్లు.

ఆకాశమును చిత్రించుటలో మన తెలుగుదేశమునకు గొప్ప చరిత్ర కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు మేజర్ టెన్నెంటు అను ఆంగ్లేయుడు గుంటూరున మకాముచేసి, మరుగుపడిన సూర్యుని ఛాయాచిత్రములు తీయించెను. ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెను అదే యూరినుండి సూర్యుని అంచున లేచు జ్వాలలను పరిశీలించెను. ఆ జ్వాలలు వాయుమయములని నిర్ధారణయైనది ఆ గ్రహణముననే. తరువాత హైదరాబాదునందు నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ప్రపంచదేశములు కలిసి తలపెట్టిన నక్షత్రపటమునకై ఏండ్ల తరబడి గాజుపలకలమీద ఆకాశమును చిత్రించినది. 1968 డిసెంబరులో అపోలో 8 యాత్రికులు చంద్రుని చుట్టు తిరుగుచు, భూమియే ఆకాశమున ఉదయించుచుండగా తీసిన చిత్రము మీరెరుగుదురు. ఆ కెమేరా కూడ పెద్ద ఫిల్మును వాడు హాసెల్‌బ్లాడే.

ఇక అసలు సంగతికి వచ్చెదను. చుట్టకు పన్నెండు బొమ్మలు. రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఘ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి – కార్తెలును పన్నెండే. ఒక సంవత్సరము నాకీ లెక్క తోచి, ఊరి బయటి బండమీద ఒకే చోట నిలిచి, కార్తెకొక బొమ్మ చొప్పున తీసితిని. క్రింది సగము చేను, చెరువుగట్టు; పై సగము ఆకాశము. వేసవి వేడికి ఫిల్ము చెడకుండ కెమేరాను ఇంటిలో చల్లని గూటిలో ఉంచితిని.

స్వాతి గడచిన పిదప పన్నెండును అచ్చువేయించి చూచుకొంటిని. వానిలో మఘ కార్తెలోనిది నాకు మిక్కిలి నచ్చినది. నల్లని ఆకాశమున తెల్లని మబ్బులు దూదికొండలవలె వరుసదీరి యున్నవి. పట్టణపు మిత్రులు దానిని చూచి మెచ్చుకొనిరి. పొంగిపోయి దానిని పెద్దాయనకు చూపితిని. ఆయన మెచ్చలేదు. పన్నెండింటిని గట్టుమీద వరుసగా పరపించుకొని, వ్రేలితో చూపుచు, “ఈడ విత్తనమేస్తిమి. ఈడ మొలక బాగుండె. ఈడ ఊడ దిగేకాలము నాయనా, పదును కావల్ల. నీ తెల్లమోడము ఆ దినము మా నెత్తిన పాయ, చుక్క రాల్చలా. మా శెనక్కాయ పోయింది ఈ బొమ్మలోనే” అన్నాడు.

నేను సిగ్గుపడితిని. నేను సౌందర్యమని తలంచినది ఆయనకు ఏడాది కూడు. అయితే ఆయన ఆ బొమ్మను తిరిగి నా చేతికీయక, “దీన్ని పారేయొద్దు. కింద కార్తె పేరు రాయి. మా మనుమలకు చూపల్ల” అన్నాడు. నాటినుండి నేను తీసిన ప్రతి ఆకాశము క్రింద తేదీ, కార్తె, వాన పడినదీ లేనిదీ వ్రాయుచున్నాను. అందమును వదలుకొనలేదు. ఆ అందమునకు ఒక సాక్ష్యము తోడైనది.

మన జిల్లాకు సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరుతి మబ్బుల నీటిని ముందే పిండుకొనును. తూర్పుతీరపు వానలు ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. ఈ అంకెలు పుస్తకములలో కలవు. కాని మన ఊరి బండమీదనుండి ఏ యేడు చెరువు ఎంతవరకు నిండినది, ఏ కార్తెలో మోడము మోసగించినది, ఏ యేడు గట్టుమీద చెట్లు కొట్టివేయబడినవి అను చరిత్ర ఏ పుస్తకమునను లేదు. దానిని మనమే వ్రాసికొనవలయును.

కనుక ఈ రజతోత్సవమున నాదొక విన్నపము. ఈ గ్రంథాలయమున ఒక ఆకాశపుస్తకము ప్రారంభింపుడు. ఏటేట పన్నెండు బొమ్మలు, అదే బండ, అదే దిక్కు. 120 ఫిల్ము నేడు పెద్ద నగరములనుండి తెప్పించుకొనవలసియున్నది. ఉదకమండలమున 1960లో స్థాపితమైన మన దేశపు ఫిల్ము కర్మాగారము కూడ మూతబడినది. ఫిల్ము దొరకనినాడు పిల్లల ఫోనుతోనే తీయించి, కాగితముమీద అచ్చువేయించి అతికింపుడు. సాధనము ముఖ్యము కాదు. ఒకేచోట నిలిచి, కార్తె తప్పక చూచుట ముఖ్యము. ప్రతి బొమ్మ క్రింద ఆ చేనివారి మాట యొక్కటి వ్రాయించుడు.

నా మొదటి చుట్టలోని పన్నెండు చిత్రములను, మఘ కార్తె చిత్రముతో సహా, ఆ పుస్తకమునకు తొలిపుటలుగా ఈ సభయందు సమర్పించుచున్నాను. ఇంకొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగునప్పుడు ఆ పుస్తకమున మూడువందల ఆకాశములుండుగాక, వానిలో ఎక్కువభాగము నీరు నిండినవై యుండుగాక అని కోరుచున్నాను.